గుండె వాల్వుకి పాచి పడితే

చెరువు మెట్లకి పట్టేదీ పాచే, పొద్దున్నే నాలుకతో పళ్లు తడుముకుంటే జారుడుగా తగిలేదీ పాచే. పాచినోటితో మంచినీళ్లు కూడా తాగనిచ్చేది కాదు మా అమ్మ. మొహం కడుక్కోకుండా వంటింట్లోకి వస్తే ‘పాచిమొహమూ నువ్వూనూ’ అని వెనక్కి తరిమేది. నాచుకీ పంటి జిగురుకీ మనవాళ్లు ఒకే మాట పెట్టడం వేలికి తగిలిన జారుడుని బట్టే అయ్యుంటుంది గానీ, సైన్సు లెక్కన చూసినా ఆ మాట తప్పు కాదు. తడిగా ఉండే గట్టి చోటు దొరికితే కోట్ల సూక్ష్మజీవులు దానికి అతుక్కుంటాయి, తమ చుట్టూ తామే జిగురు అల్లుకుంటాయి, ఇక అక్కడే కాపురం. ల్యాబులో మేం దీన్ని బయోఫిల్మ్ అంటాం. పాచి అన్నా అర్థంలో ఏమీ తరుగు రాదు.

ఈ పాచి మూడో చోట కూడా పడుతుంది. గుండె వాల్వు మీద. అక్కడ పట్టే పాచిలో తరచుగా దొరికేది పంటి మీది బ్యాక్టీరియానే.

ముందు దాన్ని చూపిస్తాను. బ్యాక్టీరియాని పెంచడానికి గొర్రె రక్తం కలిపి పోసిన అగార్ (సముద్రపు నాచు జెల్లీ) ప్లేటు కొత్తగా ఉన్నప్పుడు దానిమ్మ రసం గడ్డకట్టినట్టు చిక్కటి ఎరుపులో ఉంటుంది. దాని మీద నమూనా గీసి, రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఉంచి, పొద్దున్న మూత తీసి లైటుకి ఎదురుగా పట్టుకుంటే ఆవగింజలో సగం కూడా లేని బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి. చుట్టూ ఎరుపు చెదిరిపోయి పాకుడు పచ్చ రంగులో సన్నటి వలయాలు. జర్మన్ వైద్యుడు షాట్‌ముల్లర్ 1903లో రక్తపు ప్లేటు మీద ఈ పచ్చదనాన్ని బట్టి కొన్ని స్ట్రెప్టోకాకస్‌లని (గొలుసుల్లా పెరిగే గుండ్రటి బ్యాక్టీరియాని) వేరు చేశాడు. లాటిన్‌లో పచ్చదనాన్ని సూచించే మాటతో వీటికి విరిడన్స్ అని పేరు పడింది. ఇది ఒక్క జీవి కాదు, ఒక వంశం. ఈ కుటుంబంలో మైటిస్, ఓరాలిస్, గోర్డోనీ, సాంగ్వినిస్ ఇలా చాలామంది ఉన్నారు. అందరి నివాసమూ మన నోరే.

వీళ్లలో సాంగ్వినిస్ పేరే విచిత్రం. ఆ మాటకి ‘రక్తానికి చెందినది’ అని అర్థం. నోట్లో పుట్టి పెరిగేదానికి రక్తం పేరేమిటంటే, 1946లో దాన్ని వర్ణించినప్పుడు అది గుండె వాల్వు ఇన్‌ఫెక్షన్ ఉన్న రోగుల రక్తంలోంచి వచ్చింది. సొంతూరి పేరు పోయి, దొంగతనం చేసిన ఊరి పేరు ఖాయమైపోయినట్టు.

సొంతూళ్లో మాత్రం దీని మీద ఫిర్యాదు లేదు, పైగా మంచి పేరే ఉంది. మన నోట్లో దాదాపు 700 రకాల బ్యాక్టీరియా దొరికాయి. ఒక మిల్లీలీటరు ఉమ్మిలో పది కోట్ల దాకా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లో సాంగ్వినిస్ కనిపించదు, పన్ను మొలిచాకే వస్తుంది, ఎందుకంటే దానికి గట్టి నేల కావాలి. మనం పళ్లు తోముకున్న నిమిషాల్లోనే ఉమ్మిలోని ప్రోటీన్లు పంటి మీద పలచటి పొరగా పరుచుకుంటాయి. ఆ పొరకి మొదట వచ్చి అతుక్కునేవాళ్లలో సాంగ్వినిస్ ఉంటుంది. దాని భుజాల మీద ఇంకొకటి, దాని మీద మరొకటి, రాత్రి గడిచేసరికి మా అమ్మ తిట్టే పాచి తయారు.

పళ్లు పుచ్చేలా చేసేది వేరే బంధువు, మ్యూటాన్స్. చక్కెర తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లానికి పంటి పింగాణీ కరుగుతుంది. సాంగ్వినిస్‌కి ఇదంటే పడదు. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసి వదులుతుంది, ఆ మందుకి మ్యూటాన్స్ తట్టుకోలేదు. ఉమ్మిలో ఉండే ఆర్జినిన్‌ని విరిచి అమ్మోనియా చేసి పంటి దగ్గర పులుపుని కూడా తగ్గిస్తుంది. అందుకే సాంగ్వినిస్ బాగా ఉన్నచోట పుచ్చుపళ్లు తక్కువ. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ప్లేటు మీద రక్తాన్ని పచ్చబరిచేదీ ఆ పెరాక్సైడే. ఎర్ర హిమోగ్లోబిన్‌ని అది ఆక్సీకరణం చేస్తే ఆ పాకుడు రంగు వస్తుంది. నోట్లో మనకి కాపలా కాసే ఆయుధమే ల్యాబులో దాని ఆనవాలు. టీవీలో మౌత్‌వాష్ ప్రకటన వచ్చి నోట్లో బ్యాక్టీరియా అంతా చచ్చిపోయినట్టు చూపిస్తున్నప్పుడు నాకు చిరాకు వేసేది ఇందుకే.

పళ్లు బాగా తోముకుంటే ఇవన్నీ పోతాయనుకునేవాళ్లకి పాత కబురు ఒకటి. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ 1683లో తన పంటి పాచి తీసి, సొంతంగా చేసుకున్న కటకం కింద పెట్టి చూశాడు. చిన్నచిన్న ప్రాణులు ముచ్చటగా కదులుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్లు రుద్దుకోవడం తనకి అలవాటని కూడా అందులోనే రాసుకున్నాడు. మన తాతలూ కచికలో ఉప్పు కలిపి తోమినవాళ్లే. పాచి పలచబడుతుంది, మాయం కాదు. మాయం కానక్కర్లేదు కూడా.

ఇక్కడి నుంచి గుండె దాకా దారి ఎలా పడుతుందో చూద్దాం. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. చిగురు ఆరోగ్యంగా ఉంటే ఆ సందు బిగుతుగా ఉంటుంది. గార పేరుకుని చిగురు వాస్తే లోపలి పొర పలచబడి, చిట్లి, రక్తం చిమ్ముతుంది. రక్తం బయటికి వచ్చే దారే బ్యాక్టీరియా లోపలికి పోయే దారి. పన్ను పీకినప్పుడే కాదు, చెరుకుముక్క నమిలినా బ్రష్ వేసినా ఇది జరుగుతుంది. 2008లో అమెరికాలో 290 మందిని మూడు జట్లుగా చేసి రక్తం తీసి చూశారు. ముందు యాంటీబయాటిక్ ఇవ్వకుండా పన్ను పీకినవాళ్లలో 60 శాతం మంది రక్తంలో, ముందు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి పీకినవాళ్లలో 33 శాతం మంది రక్తంలో ఈ రకం బ్యాక్టీరియా దొరికింది. ఉత్తినే బ్రష్ చేసుకున్న జట్టులో 23 శాతం. పన్ను ఎప్పుడో ఒకసారి పీకించుకుంటాం. బ్రష్ ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ వేస్తాం. లెక్క మీరే వేసుకోండి.

మరి అందరికీ గుండె పాడవదేం? రక్తంలో పడ్డ ఈ బ్యాక్టీరియాని కాలేయం, ప్లీహం, తెల్లకణాలు కలిసి చాలావరకు నిమిషాల్లోనే ఊడ్చేస్తాయి. గుండె లోపలి గోడ, వాల్వు రెక్కలు నున్నగా ఉంటే పట్టుకోవడానికి పట్టు దొరకదు. నోరు దాటాక సాంగ్వినిస్ ఒట్టి అనాథ. దానికి కావలసింది ఒక్కటే, గరుకు.

ఆ గరుకు మన వైపు ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది. అయిదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లకి గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండుమూడు వారాలకి మోకాళ్లు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాచి జ్వరం వస్తుంది. ఊళ్లో కీళ్లవాతం అంటారు, డాక్టర్లు రుమాటిక్ ఫీవర్ అంటారు. గొంతులో పడ్డ గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న ఆయుధాలు పొరపాటున సొంత గుండె వాల్వుల మీదే పడతాయి. కీళ్లవాపు తగ్గిపోతుంది గానీ వాల్వు మీద మచ్చ ఉండిపోతుంది. కొన్నిసార్లు ఆ సంగతి పెళ్లయ్యి, కడుపుతో ఉండి ఆయాసం వచ్చినప్పుడు గానీ బయటపడదు.

చదువుకున్నవాళ్లు కూడా తడబడే ముడి ఇక్కడే ఉంది. గొంతులో గ్రూప్ ఎ, నోట్లో విరిడన్స్, రెండింటి ఇంటిపేరూ స్ట్రెప్టోకాకసే. కానీ పనులు వేరు. మొదటిది వాల్వుని దున్ని వదిలేసి పోతుంది. రెండోది ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చి ఆ దుక్కిలో విత్తు వేసుకుంటుంది.

ఇక ఆ విత్తు ఎలా మొలుస్తుందో చెబుతాను. మచ్చపడ్డ వాల్వు దగ్గర రక్తం సాఫీగా పారదు, సుడులు తిరుగుతుంది. గరుకు మీద రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు, ఫైబ్రిన్ పోగులు పేరుకుని చిన్న గడ్డ కడుతుంది. పంటి పొరకి అతుక్కోవడంలో ఆరితేరిన సాంగ్వినిస్‌కి ఇది పరిచయమైన పనే, వెళ్లి అతుక్కుంటుంది. దాని మీద మళ్లీ ఫైబ్రిన్ పొర, మళ్లీ బ్యాక్టీరియా. వాల్వు రెక్కకి సొంత రక్తనాళాలు పెద్దగా లేవు కాబట్టి తెల్లకణాలు లోపలికి చేరలేవు. ఇలా పెరిగినదాన్ని డాక్టర్లు వెజిటేషన్ అంటారు. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఆ మాట చదివి ‘కూరగాయలేటి డాక్టరుగారూ’ అని అడిగిన కుర్రాణ్ణి నేను చూశాను. పాచి అని చెబితే వాడికి క్షణంలో అర్థమయ్యేది. గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది, కొట్టినప్పుడల్లా ఆ పాచి ఊగుతుంది. ముక్క ఊడితే మెదడుకి పోయి పక్షవాతం రావచ్చు, కిడ్నీకో ప్లీహానికో పోవచ్చు. వాల్వు చిల్లుపడితే గుండె చేతులెత్తేస్తుంది.

పెన్సిలిన్ రాకముందు ఇది వస్తే ఇక ఆశ వదులుకోవడమే. ఆస్ట్రియా సంగీతకారుడు గుస్తావ్ మాహ్లర్‌కి వాల్వు జబ్బు ముందే ఉంది. 1911 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జ్వరం పట్టుకుంది. ఆయన రక్తం కల్చర్ చేస్తే, అంటే అందులో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబులో పెంచి చూస్తే, ఈ పచ్చ స్ట్రెప్టోకాకస్సే పెరిగింది. నిజం చెప్పమని అడిగి చెప్పించుకుని, వియన్నాకి తిరిగొచ్చి, మే 18న పోయాడు. జబ్బేమిటో కచ్చితంగా తెలిసింది, ఇవ్వడానికి మందు లేదు. ఇప్పుడు మన దగ్గర తిరగబడింది, మందు ప్రతి సందులోనూ ఉంది, జబ్బేమిటో తెలియడమే కష్టం.

ఎందుకో ఒకావిడ కథతో చెబుతాను. విజయనగరం దగ్గర నెల్లిమర్ల అవతల ఒక పల్లె, వయసు నలభై దాటలేదు. పన్నెండేళ్లప్పుడు కీళ్లవాతం, గుండె ఎడమవైపున్న మైట్రల్ వాల్వుకి మచ్చ, అప్పట్నుంచీ మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది. ఒకే ఒక దవడపన్ను కదులుతోంది, తోముకుంటే రక్తం వస్తోంది, ఆరు నెలలుగా. పీకించుకోలేదు. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి ముందురోజు జరిగే తొలేళ్లకి నెల ముందు సాయంత్రాలు చిన్నగా జ్వరం మొదలైంది. నూరు దాటదు. రాత్రి చెమటలు, అన్నం సయించదు, జాకెట్లన్నీ వదులైపోయాయి. ఊళ్లో మందులిచ్చే ఆయన విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు, మూడు రోజులు ఇంజక్షన్లు పొడిచాడు, జ్వరం పోయింది. వారానికి మళ్లీ వచ్చింది. ఈసారి అయిదు రోజులు పొడిచాడు, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. పైడితల్లమ్మ సిరిమాను ఎలాగోలా అయిపోయింది, అది చూడ్డానికి నిలబడ్డ రోజే ఆయాసం మొదలైంది.

ఆవిడ చేతిగోళ్లు చూశాను. రెండు వేళ్ల గోళ్ల కింద నిలువుగా సన్నటి ఎర్ర గీతలు, చీపురుపుల్ల గుచ్చుకుని లోపల ఉండిపోయినట్టు. ‘కంపలిరస్తే గుచ్చుకుంది కాబోలు’ అంది. వాల్వు పాచి నుంచి ఊడిన నలుసులు గోటి కింద నాళాల్లో చిక్కుకున్నా అలాగే ఉంటుంది. ఎకోలో వాల్వు మీద వెజిటేషన్ కనబడింది. రక్తం కల్చర్ పంపారు, ఏమీ పెరగలేదు.

పెరగదు. ఇదే నేను ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ల్యాబు పట్టగలదు, మనం ముందే తొందరపడి మందు వెయ్యకపోతే. రెండుమూడు రోజుల యాంటీబయాటిక్ పాచి పైపొరని చంపుతుంది, రక్తంలో తిరిగేవాటిని చంపుతుంది, జ్వరం దిగుతుంది. పాచి లోపలివి బతికే ఉంటాయి. ఆ సమయంలో తీసిన రక్తంలో ఏమీ దొరకదు. రిపోర్టు శుభ్రం, గుండె అశుభ్రం. ఆవిడ పరిస్థితి కాస్త నిలకడగా ఉంది కాబట్టి విశాఖలో డాక్టర్లు అన్ని యాంటీబయాటిక్కులూ కొన్ని రోజులు ఆపేశారు. ఆ తర్వాత వేర్వేరు నరాల్లోంచి, మధ్యలో కాస్త వ్యవధి ఇచ్చి, మూడుసార్లు రక్తం తీశారు. మూడుసార్లు ఎందుకంటే, ఒక్క సీసాలో పెరిగితే అది సూది గుచ్చినప్పుడు బయట నుంచి పడ్డదేమో అనే అనుమానం ఉంటుంది. విడివిడిగా తీసిన రక్తాలన్నిట్లోనూ ఒకటే దొరికితే అది లోపల కాపురం ఉన్నదే. మూడిట్లోనూ పెరిగింది. ప్లేటు మీద పచ్చ వలయాలు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ కూడా ఇలాగే పచ్చగా పెరుగుతుంది కనుక ఆప్టోచిన్ అనే మందు బిళ్ల పెట్టి చూస్తారు. న్యుమోకాకస్ అయితే బిళ్లకి దూరంగా జరుగుతుంది. ఇది బిళ్ల అంచుదాకా నిక్షేపంలా పెరిగింది.

పార్వతీపురం ఏజెన్సీలో జ్వరమంటే మలేరియా అనుకోవడంలో తప్పులేదు, అక్కడ మలేరియా నిజంగానే ఉంది. టైఫాయిడ్ కూడా ఉంది. కానీ విడాల్ పరీక్ష ఒక్కసారి చేసి పాజిటివ్ అనగానే నమ్మదగ్గది కాదు, ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకీ అది చెయ్యెత్తుతుంది. వాల్వు జబ్బు ఉందని తెలిసిన మనిషికి రెండు వారాలు దాటి చిన్న జ్వరం ఉంటే, యాంటీబయాటిక్ సూది పడకముందే రక్తం కల్చర్‌కి పోవాలి. ఆ మాట చెప్పాల్సింది రోగే, లేదా పక్కన వచ్చిన మనిషి. ‘నాకు గుండెలో వాల్వు పాడైంది’ అని సూది పట్టుకున్న ప్రతివాడికీ ముందు చెప్పడం అలవాటు చేసుకోవాలి.

ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. ‘మూడు వారాలకోపాలి సూది ఏయించుకుంటన్నాను కదా బాబూ, మరి నాకేటి ఇది?’

న్యాయమైన ప్రశ్న. ఆ సూదిలోది బెంజథైన్ పెన్సిలిన్. కండలో ఉండి వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతుంది. గొంతులో గ్రూప్ ఎ మళ్లీ పడకుండా, రుమాటిక్ ఫీవర్ మళ్లీ రాకుండా ఆ కొంచెమే చాలు. నోట్లోని విరిడన్స్ గుండెకి పట్టకుండా ఆపడానికి అది సరిపోదు. అంతేకాదు, ఏళ్ల తరబడి ఆ చిన్న మోతాదు రుచి చూసిచూసి నోట్లోని కొన్ని స్ట్రెప్టోకాకస్‌లు పెన్సిలిన్‌కి లొంగడం మానేస్తాయి. అంటే సూది మానెయ్యమని కాదు, మానేస్తే వాల్వు ఇంకోసారి దున్నబడుతుంది. ఆ సూది కాపలా కాసేది ఒక వాకిలికే, రెండో వాకిలి చిగురు దగ్గర ఉంది.

ఆవిడకి నాలుగు వారాలు నరం ద్వారా సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కించారు. ఊళ్లో ఇచ్చిన మందూ దాదాపు ఇదే జాతి. తేడా మందులో లేదు, రోజుల్లో ఉంది. రక్తనాళాలు లేని ఆ గడ్డ లోపలికి మందు ఇంకాలంటే రోజూ నిండు మోతాదు వారాల తరబడి పడాలి. కృత్రిమ వాల్వు అయితే ఆరు వారాలు. మధ్యలో ‘జ్వరం లేదు కదా, పండక్కి ఇంటికి పోతాం’ అంటే మొదటికొస్తుంది.

ఇక పన్ను పీకే ముందు మందు వేసుకోవడం గురించి. దీని మీద దేశదేశాల డాక్టర్లు డెబ్బయ్యేళ్లుగా కొట్టుకుంటున్నారు. 1935లోనే లండన్‌లో పన్ను పీకిన వెంటనే రక్తంలో స్ట్రెప్టోకాకస్ దొరుకుతుందని చూపించారు. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ముందుజాగ్రత్తగా మందు ఇమ్మంది. వాల్వులో చిన్న తేడా ఉన్నా ఇచ్చేవారు. 2007లో వాళ్లే వెనక్కి తగ్గారు. వాళ్ల వాదన మనం పైన వేసుకున్న లెక్కే, ఎప్పుడో పీకే పన్ను కన్నా రోజూ తోమే పళ్ల వల్ల రక్తంలో పడేదే ఎక్కువ. అందుకని కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు, ఒకసారి ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చే కొన్ని తీవ్రమైన గుండె లోపాలు ఉన్నవాళ్లు, గుండె మార్పిడి తర్వాత వాల్వు పాడైనవాళ్లు, వీళ్లకే ఇమ్మన్నారు. ఇంగ్లండ్ ఇంకా ముందుకెళ్లి 2008లో ఎవరికీ వద్దంది, 2016లో ఆ వాక్యంలో ‘రొటీన్‌గా’ అనే మాట ఇరికించి కాస్త దారి వదిలింది. ఆస్ట్రేలియా మాత్రం తన ఆదివాసీల్లో రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవాళ్లని జాబితాలో కలుపుకుంది.

నాకు ఆస్ట్రేలియా ఆలోచనే మన పరిస్థితికి దగ్గరగా అనిపిస్తుంది. అమెరికా జాబితా రాసినవాళ్ల కళ్ల ముందు రుమాటిక్ రోగులు దాదాపు లేరు. మన గుండె వార్డుల్లో ఉన్నారు. ఆరు నెలలకోసారి దంతవైద్యుణ్ణి చూసే మనిషికి సరిపోయే రూలు, పన్ను ఊడిపోయేదాకా చూపించుకోని మనిషికి సరిపోతుందా? అయినా ఇది ఎవరికి వారు తేల్చుకునే విషయం కాదు, గుండె డాక్టరు కాగితం మీద రాసి ఇవ్వాల్సింది. మందుల షాపులో ‘పంటినొప్పికి’ అని కొనుక్కుని మింగే రెండు రోజుల అమాక్సిసిలిన్ దీనికి ఏమాత్రం ప్రత్యామ్నాయం కాదు. ముందుజాగ్రత్త మోతాదు పెద్దవాళ్లకి రెండు గ్రాములు, అంటే నాలుగు 500 గొట్టాలు, పన్ను పీకడానికి అరగంట నుంచి గంట ముందు, ఒకే ఒక్కసారి. పీకాక వారం రోజులు మింగితే అది వేరే లెక్క. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటారు కాబట్టి, పన్ను కోసం దాన్ని సొంతంగా ఆపెయ్యడం ఇంకో ప్రమాదం. గడ్డకట్టి వాల్వే బిగుసుకుపోవచ్చు. రోడ్డు పక్కన గుడ్డ పరిచి, దాని మీద కట్టుడు పళ్లు పేర్చుకుని, పళ్లు పీకే ఆసామి దగ్గర ఈ ప్రశ్నలేవీ ఎదురవవు, వాల్వు రోగికి అదే అక్కడ గండం.

చిగుళ్ల సంగతికి వద్దాం. ఆ 290 మంది మీదే లెక్కలు ఇంకా తవ్వితే, బ్రష్ వేశాక నోరంతా రక్తం వచ్చినవాళ్ల రక్తంలో బ్యాక్టీరియా దొరికే అవకాశం దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. రక్తం వస్తోందని బ్రష్ మానేసేవాళ్లు మన దగ్గర చాలామంది. అది తలకిందుల లెక్క, మానేస్తే గార పెరుగుతుంది, చిగురు ఇంకా వాస్తుంది. వాల్వు జబ్బు ఉన్నవాళ్లకి గార తీయించుకోవడం సోకు కాదు, వైద్యం. పందుంపుల్ల మంచిదేనా అని అడుగుతారు. వేపపుల్ల కొస బాగా నమిలి కుంచెలా చేసుకుని నిదానంగా తోముకుంటే పాచి పోతుంది. సరిగా నమలని పుల్లతో చిగురు గీరుకుంటే, రోజూ పొద్దున్నే ఆ రెండో వాకిలి మనమే తెరిచినట్టు.

శ్రీకాకుళం తీరపల్లెల్లో ముసలమ్మలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ గురించి ప్రపంచ వైద్య పత్రికల్లో ఎన్నో రాశారు. అంగిటి క్యాన్సర్ గురించి రాశారు, రాయవలసిందే. పొగాకు చిగుళ్లని కూడా తినేస్తుంది, పైగా పొగ తాగేవాళ్ల చిగుళ్లు లోపల కుళ్లుతున్నా రక్తం తక్కువ చిమ్ముతాయి, దాంతో అంతా బాగానే ఉందనిపిస్తుంది.

ఈ వంశం సందు చూసుకునేది గుండె దగ్గరొక్కటే కాదు. క్యాన్సర్ మందులకి తెల్లకణాలు పడిపోయి నోరు పూసినవాళ్లలో ఇవే రక్తంలోకి పొంగి ప్రాణం మీదికి తెస్తాయి. వీటి దాయాది ఆంజినోసస్ మెదడులో, కాలేయంలో చీముగడ్డలు కట్టిస్తుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో డయాలసిస్ రోగుల్లో వాల్వుకి పట్టేదీ ఇదేనా అని ఒకరు అడిగారు. అక్కడ ముఖ్య ముద్దాయి వేరు, చర్మం మీది స్టెఫైలోకాకస్. అది రక్తంలోకి దిగే దారి సూదులు, గొట్టాలు. నెలల తరబడి నానబెట్టదు, రోజుల్లో కూల్చేస్తుంది.

నెల్లిమర్లావిడ నాలుగు వారాలూ ఉండి ఇంటికెళ్లింది. కదిలే పన్ను అలాగే ఉంది, పీకాలి. ఇక్కడో తిరకాసు. జబ్బు రాకముందు అమెరికా జాబితాలో ఆవిడకి చోటు లేదు. ఒకసారి వచ్చింది కనుక ఇప్పుడు ఉంది. కానీ అందరికీ రాసే అమాక్సిసిలిన్ ఆవిడకి పనికిరాకపోవచ్చు, ఎందుకంటే అదీ పెన్సిలిన్ జాతే, మూడు వారాల సూదితో నోట్లోవాళ్లకి అలవాటైపోయింది. గుండె డాక్టరు చీటీ మీద అజిత్రోమైసిన్ 500 అని రాసి, ఒక్కటే అని కింద గీత గీశారు. ఆ చీటీ పట్టుకుని ల్యాబుకి వచ్చింది, అయిదు రోజులకి అయిదు మాత్రలు కొనుక్కుని మరీ.

‘మిగతా నాలుగూ ఏటి సెయ్యమంటావు బాబూ?’

షాపులో తిరిగి ఇచ్చెయ్యమన్నాను.